తొలి కాన్పుకు మనసును సిద్ధం చేసుకోవడం ఎలా

నా చెల్లె తొలి కాన్పు కోసం తల్లిగారింటికి వచ్చిన వారంలోనే హన్మకొండలోని మా ఇంట్లో ఏర్పాట్లన్నీ మొదలయ్యాయి. అమ్మ పాత నూలు చీరలను ఉడుకునీళ్లలో ఉతికి, దాబా మీద ఎండేసి, బిడ్డకు సరిపోయేలా చింపి మడతలు పెట్టింది. నాన్న ఆసుపత్రి ఖర్చుకని కొంత డబ్బు బీరువాలో విడిగా ఉంచాడు. మేనత్త శొంఠి, వెల్లుల్లి, నెయ్యి తెచ్చిపెట్టింది. చెల్లె మనసు సంగతికి వచ్చేసరికి మాత్రం అందరి దగ్గరా ఉన్నది ఒక్కటే మాట: "ధైర్యంగ ఉండు బిడ్డా." ఒక రాత్రి తను నా పక్కన పడుకుని, "అక్కా, నొప్పులొస్తే అసలేమైతది? ఎంతసేపుంటది? మధ్యల ఆగుతదా?" అని అడిగింది. అప్పటికే ఒక బిడ్డను కన్నదాన్నయినా ఆ మూడు ప్రశ్నలకూ నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ తర్వాతి ఆరు వారాల్లో మేమిద్దరం డాక్టరమ్మను, ఏఎన్‌ఎంను, లేబర్ రూంలో చాలా ఏళ్లు పనిచేసిన ఒక నర్సును అడిగి తెలుసుకున్న సంగతులను, ఇంట్లో సాధన చేసినవాటిని, వాటిలో కాన్పు నాడు నిజంగా అక్కరకు వచ్చినవాటిని ఇక్కడ రాస్తున్నాను. ధైర్యం చెప్పే మాటల కన్నా విషయం తెలియజెప్పే మాటలే నా చెల్లెకు ఎక్కువ ధైర్యాన్నిచ్చాయి, అందుకే ఇందులో కాన్పు ఎలా జరుగుతుందన్న వివరం ఎక్కువగా ఉంటుంది.

భయం దేని గురించో ముందు తేల్చుకోండి

మనం భయం అని ఒక్క మాటలో చెప్పేదానిలో చాలా భయాలు కలగలిసి ఉంటాయి, ఒక్కొక్కదానికి మందు వేరు. ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని, మనసులో మెదిలేవన్నీ, ఎంత చిన్నవనిపించినా సరే, కాగితం మీద రాయండి. నా చెల్లె రాసిన కాగితంలో నొప్పి మూడో స్థానంలో ఉంది. మొదటిది "లేబర్ రూంల తిడ్తరట", రెండోది "అందరి ముంగట బట్టలు లేకుండ పండవెడ్తరా", నాలుగోది "ఆడపిల్ల అయితే అత్తమ్మ ఏమంటదో." అన్నిటికన్నా ముందున్నది మేము అనుకున్న భయం కాదని తెలిశాకే ఎవరితో ఏం మాట్లాడాలో మాకు అర్థమైంది.

వైద్యానికి సంబంధించినవాటిని ప్రశ్నలుగా మార్చి, మూడింటికి మించకుండా రాసుకుని, తర్వాతి పరీక్షకు తీసుకువెళ్లండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. ఆ రోజు రద్దీలో డాక్టరుకు మీతో గడిపే సమయం తక్కువే కాబట్టి, ఎదురుగా కూర్చున్నాక గుర్తు తెచ్చుకోవడం కన్నా కాగితం చూసి అడగడం నయం. ఇంటికి సంబంధించిన భయాలు డాక్టరు తీర్చేవి కావు. పుట్టేది ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుందన్న సంగతిని అత్తగారికి చెప్పవలసినది కోడలు కాదు, కొడుకు. అదీ కాన్పుకు ముందే చెప్పాలి. మా బావ ఆ పని చేశాడు. ఆ తర్వాత అత్తగారు ఫోన్ చేసి, "ఎవలైనా మంచిదేనే, నువ్వు నిమ్మలంగ ఉండు" అన్నాక నా చెల్లె నాలుగో వరుసను తానే కొట్టేసింది.

కాన్పు దగ్గరపడుతున్న కొద్దీ చూడటానికి వచ్చిన ప్రతివారూ తమ కాన్పు కథ, పక్కింటివాళ్ల కాన్పు కథ చెప్పడం మొదలుపెడతారు. వాళ్లది ప్రేమే, కానీ వినే మనసు అప్పుడు చాలా మెత్తగా ఉంటుంది. "కాన్పు అయినంక చెప్పు వదినా, అప్పుడు మంచిగ వింట" అని నవ్వుతూ ఆపేయడంలో తప్పు లేదు. నోరు తెరిచి ఆ మాట అనడం గర్భిణికి కష్టం కాబట్టి ఇంట్లో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి.

ఇంతకుముందు గర్భం పోయినవారికి, బిడ్డను కోల్పోయినవారికి, మొదటి కాన్పు చాలా కష్టంగా జరిగినవారికి వచ్చే భయం వేరు. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, కాన్పు ఊసెత్తితేనే ఏడుపు రావడం వారాల తరబడి సాగితే, దాన్ని బలహీనతగా భావించి దాచుకోకుండా డాక్టరుకు చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే, మానసిక ఆరోగ్య సలహాదారులతో మాట్లాడవచ్చు.

భయాన్ని ముందుగానే తగ్గించుకోవడానికి శరీరపరమైన కారణం కూడా ఉంది. గర్భసంచిని ముడుచుకునేలా చేసేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. మనిషి బెదిరినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ దాని పనికి అడ్డు తగులుతుంది. భయంతో ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒంటికి నొప్పి ఎక్కువ తెలుస్తుంది, ఆ నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుంది. ఈ చుట్టును ఎక్కడో ఒకచోట తెంచాలి, తెలుసుకోవడంతో మొదలుపెట్టడం అన్నిటికన్నా సులభం.

నొప్పులు ఎలా వస్తాయి, ఎలా పోతాయి

చివరి బహిష్టు మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కగట్టి డెలివరీ తేదీ చెబుతారు గానీ, సరిగ్గా ఆ తేదీ నాడే పుట్టే పిల్లలు చాలా తక్కువ. అందువల్ల చుట్టాలకు ఒక తేదీ చెప్పకుండా "ఫలానా నెల రెండో పక్షంలో" అని చెప్పండి. లేకపోతే ఆ తేదీ దాటిన మర్నాటి నుంచి "ఇంకా కాలేదా?" అనే ఫోన్లే మనసును కుంగదీస్తాయి.

తొలిచూలు కాన్పులో మొదటి దశ చాలా నెమ్మదిగా సాగుతుంది. నడుములో మొదలై పొత్తికడుపు వైపు పాకే నొప్పులు, బహిష్టు నొప్పుల్లా, పది పదిహేను నిమిషాలకొకసారి, ఒక్కోసారి అరగంటకొకసారి వస్తూ పోతూ, ఒక పగలూ రాత్రీ కూడా సాగవచ్చు. గర్భసంచి ముఖద్వారం మెత్తబడి తెరుచుకోవడం అప్పుడే మొదలవుతుంది. తొందరపడి అందరికీ ఫోన్లు చేసి, నిద్ర చెడగొట్టుకుని, అసలు నొప్పుల సమయానికి అలసిపోవడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. ఈ దశలో తినండి, స్నానం చేయండి, వీలైతే పడుకోండి, లేకపోతే ఇంట్లోనే మెల్లగా నడవండి. నొప్పులు అయిదు నిమిషాలకొకసారి, ఒక్కొక్కటి నిమిషం పాటు, గంటసేపు వదలకుండా వస్తే ఆసుపత్రికి బయలుదేరాలన్నది తొలి కాన్పుకు సాధారణంగా చెప్పే లెక్క. పరకాలలోనో నర్సంపేటలోనో ఉండి వరంగల్ రావలసినవారు ఇంకొంచెం ముందే బయలుదేరాలి. ఏటూరునాగారం వైపు వాగుల అవతల ఉన్న ఊళ్లవారు వానకాలంలో నొప్పుల కోసం ఎదురుచూడకుండా, తేదీకి కొన్ని రోజుల ముందే ఆసుపత్రికి దగ్గరగా చేరడం క్షేమం. మీ ఊరికి ఎన్ని రోజుల ముందన్నది ఆశ కార్యకర్తతో కలిసి నిర్ణయించుకోండి.

ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి చురుకైన దశ మొదలైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అక్కడి నుంచి 10 సెంటీమీటర్ల దాకా తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలకు మించదు. పన్నెండు గంటలు అనగానే నా చెల్లె ముఖం పాలిపోయింది. అప్పుడు ఆ నర్సు కాగితం మీద ఒక లెక్క వేసి చూపించింది. నాలుగు నిమిషాలకొక నొప్పి చొప్పున గంటకు 15 నొప్పులు, ఒక్కొక్కటి నిమిషం అనుకున్నా గంటలో నొప్పి ఉండేది 15 నిమిషాలు, లేనిది 45 నిమిషాలు. ఆ ఒక్క నిమిషంలోనూ నొప్పి అలలా మెల్లగా లేచి, నడుమ ఒక ఇరవై ముప్పై సెకన్లు శిఖరం మీద నిలిచి, దిగిపోతుంది. చివరికి వచ్చేసరికి నొప్పుల నడుమ ఎడం తగ్గుతుంది, నిజమే, కానీ ఆ దశ కొద్దిసేపే ఉంటుంది. నా చెల్లె ఆ కాగితాన్ని మాతా శిశు సంరక్షణ కార్డులో పెట్టుకుని కాన్పు దాకా దాచుకుంది.

ముఖద్వారం పూర్తిగా తెరుచుకోబోయే ముందు చాలామందికి వణుకు వస్తుంది, వాంతి అవుతుంది, ఏడుపొస్తుంది. "నాతోని కాదు, నన్ను కోసెయ్యుండ్రి, ఆపరేషన్ చెయ్యుండ్రి" అని గట్టిగా అరుస్తారు. ఈ మాట వినబడగానే బయట ఉన్న కుటుంబం కంగారుపడి డాక్టరు మీద ఒత్తిడి తెస్తుంది. తల్లికీ బిడ్డకూ పరీక్షల్లో అంతా బాగున్నప్పుడు, ఆ అరుపు చాలాసార్లు బిడ్డ దగ్గరపడిందనడానికి గుర్తు. ఈ సంగతి గర్భిణికీ, పక్కన ఉండేవారికీ ముందే తెలిసి ఉంటే, ఆ క్షణంలో "అయిపోవచ్చిందే, ఇదే ఆఖరుది" అని చెప్పగలుగుతారు. ఆ తర్వాత ముక్కే దశ వస్తుంది, తొలి కాన్పులో అది సాధారణంగా మూడు గంటల లోపు ముగుస్తుంది. ముక్కేటప్పుడు మలం రావచ్చు, మూత్రం రావచ్చు. అక్కడ పనిచేసేవారికి అది రోజూ చూసే విషయం. దాని గురించి సిగ్గుపడి ముక్కడం ఆపేసేవాళ్లు ఉన్నారు గనుకనే ఇంత విప్పి చెబుతున్నాను.

శ్వాసను అలవాటు చేసుకోవడం

నొప్పి వచ్చినప్పుడు శ్వాస ఎలా తీసుకోవాలో ఆ రోజు ఎవరో చెబితే ఒంటికి రాదు, ఏడో నెల నుంచే రోజూ పది నిమిషాలు సాధన చేయాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, నోటితో ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు, వేడి చాయ్ మీద ఊదినట్టుగా మెల్లగా వదలండి. వదిలేటప్పుడు దవడ, భుజాలు, పిడికిళ్లు మూడూ వదులు కావాలి. దవడ బిగిస్తే ఒళ్లంతా బిగుసుకుంటుంది కాబట్టి పక్కన ఉన్నవారు దవడను గమనించి గుర్తుచేయాలి.

ఇది వట్టి గాలి సాధన కాకుండా ఉండటానికి మేము ఒక పని చేశాం. ఫ్రిజ్‌లోంచి ఐస్ ముక్క తీసి చెల్లె అరచేతిలో పెట్టి, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టేదాన్ని. మొదటి రోజు ఇరవై సెకన్లకే "అబ్బా, మండుతందే" అని పడేసింది. రెండో రోజు శ్వాస మీద ధ్యాస పెట్టి నిమిషం నిలిచింది. వారం తర్వాత రెండు నిమిషాలు వ్యవధి ఇచ్చి, మళ్లీ నిమిషం, మళ్లీ వ్యవధి, అలా అయిదుసార్లు చేయగలిగింది. ఐస్ మంట, కాన్పు నొప్పి ఒకటే అని కాదు. ఒళ్లు "వద్దు" అంటున్నప్పుడు కూడా శ్వాసను మన చేతిలో ఉంచుకోవచ్చన్న నమ్మకం ఆ ఐస్ ముక్కతో వచ్చింది.

కూర్చుని చేయలేనివారు నిలబడి చేయవచ్చు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు మనం ముందుకు వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ, అడుగు పక్కకు వేస్తాం. ఆ ఊపు మన ఒంటికి చిన్నప్పటి నుంచీ తెలుసు. గోడనో, మంచం పట్టెనో పట్టుకుని నడుమును అదే ఊపులో మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ గాలి వదలడం నా చెల్లెకు అన్నిటికన్నా బాగా పనిచేసింది. ప్రమాదమేమీ లేనప్పుడు నొప్పుల్లో నడవడం, నిలబడటం, నచ్చిన భంగిమలో ఉండటం మంచిదనే వైద్యులు చెబుతారు. నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ ఇంజక్షన్ వంటివి మీ ఆసుపత్రిలో ఉన్నాయా, ఎంత ఖర్చవుతుంది అన్నది కూడా ముందే అడగండి. వాటిని కోరుకోవడం తప్పేమీ కాదు.

పక్కన ఎవరుంటారో ముందే తేలాలి

కాన్పు గదిలో తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తోడు కాన్పు అనుభవం ఉన్న స్త్రీ అయి ఉండాలని, గదిలో చాటు ఉన్నచోట భర్తను కూడా అనుమతించవచ్చని అందులో ఉంది. అయినా ఆసుపత్రికీ ఆసుపత్రికీ పద్ధతి మారుతుంది. వరంగల్‌లోని సీకేఎం, హన్మకొండలోని జీఎంహెచ్ వంటి పెద్ద ప్రసూతి ఆసుపత్రులకు చుట్టూ ఉన్న జిల్లాల నుంచి గర్భిణులు వస్తారు. ఎక్కడైనా సరే, చివరి నెల పరీక్షకు వెళ్లినప్పుడే తోడును ఎప్పటి వరకు ఉండనిస్తారో అడిగి తెలుసుకోండి. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ, అంటే మామూలు కాన్పులు చేయించే శిక్షణ ఇస్తున్నారు కాబట్టి, అలాంటి మిడ్‌వైఫ్ అక్కడ ఉంటే ముందే ఒకసారి కలవండి.

తోడుగా ఎవరు ఉండాలన్నది వరసను బట్టి కాకుండా గర్భిణి మనసును బట్టి నిర్ణయించాలన్నది నా గట్టి అభిప్రాయం. తల్లి అందరికన్నా దగ్గరిదే, కానీ బిడ్డ నొప్పి చూసి తానే ఏడ్చే తల్లి లోపల ఉండటం వల్ల మేలు జరగదు. మా అమ్మ ఆ మాట తానే ఒప్పుకుని నన్ను పంపింది. తోడు చేయవలసిన పనులు కొద్దివే: నీళ్లు తాగించడం, నడుము రుద్దడం, శ్వాస గుర్తుచేయడం, సిబ్బంది చెప్పింది నెమ్మదిగా మళ్లీ చెప్పడం, గర్భిణి అడగలేని ప్రశ్న తాను అడగడం.

నా సొంత కాన్పులో, ఒక ఆసుపత్రిలో, నొప్పికి అరిచినందుకు నన్ను గద్దించారు. ఒంటరిగా ఉన్నాను కాబట్టి ఆ మాట చాలా ఏళ్లు మనసులో ఉండిపోయింది. చెల్లె కాగితంలో మొదటి వరుస చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. అందుకే ఆ రోజు లోపలికి వెళ్లగానే నేను నర్సుకు నమస్కారం పెట్టి, "సిస్టర్, ఇది దీనికి తొలి కాన్పు, గట్టిగ మాట్లాడితే బెదురుతది, జెర మెల్లగ చెప్పుండ్రి, నేను పక్కనుండి చేపిస్త" అన్నాను. ఆమె తల ఊపి, చెల్లె భుజం తట్టింది. ప్రతిచోటా ఇలాగే జరుగుతుందని చెప్పలేను గానీ, ముందుగా మర్యాదగా చెప్పిన ఒక్క మాటకు చాలా బలం ఉంటుంది.

వీలైతే లేబర్ రూంను బయటి నుంచైనా ఒకసారి చూసి రండి. కడుపు మీద బెల్టులాంటిది కట్టి బిడ్డ గుండె వినిపించే యంత్రం అక్కడ ఉంటుంది. గుర్రం పరుగెత్తుతున్నట్టు టకటకమని నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకునే ఆ చప్పుడు వినేవారికి మొదట కంగారు పుట్టిస్తుంది, బిడ్డ గుండె మామూలుగానే అంత వేగంగా కొట్టుకుంటుందని తెలిస్తే అదే చప్పుడు ధైర్యమిస్తుంది.

ఆపరేషన్ గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్‌లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81కి పైగా. ఇంత పెద్ద సంఖ్య వెనుక వైద్య కారణాలతో పాటు నొప్పుల భయమూ, ముహూర్తమూ ఉన్నాయి. మంచి ఘడియ చూసి బిడ్డను బయటకు తీయించాలనుకునేవారు ఒక్క విషయం ఆలోచించాలి: కారణం లేకుండా 39 వారాలు నిండకముందే ఆపరేషన్ చేస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది. డాక్టరు ఆపరేషన్ అన్నప్పుడు "ఎందుకు, ఇప్పుడే చేయాలా, కొంతసేపు ఆగితే ఏమవుతుంది?" అని అడగడం మీ హక్కు. ఆ మూడు ప్రశ్నలను భర్తకూ నేర్పండి.

అదే సమయంలో, నార్మల్ కాన్పే కావాలని పట్టుదలగా ఎదురుచూసిన మనసు ఆపరేషన్ మాట వినగానే విరిగిపోకుండా, ఆ దారి కూడా ఎలా ఉంటుందో తెలుసుకుని ఉండాలి. వెన్నులో ఇంజక్షన్ ఇస్తారు, నడుము కింది భాగం మొద్దుబారుతుంది, మీరు మెలకువగానే ఉంటారు. ముఖానికి ముందు తెర కడతారు. నొప్పి ఉండదు గానీ కడుపును లాగుతున్నట్టు, ఒత్తుతున్నట్టు తెలుస్తుంది. మొదలైన కొద్ది నిమిషాల్లోనే బిడ్డ బయటకు వస్తుంది, మిగతా సమయమంతా కుట్లు వేయడానికే పడుతుంది. ఆ తర్వాత పళ్లు టకటకలాడేంత వణుకు రావడం మామూలే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్‌తో సహా కాన్పు, మందులు, పరీక్షలు, భోజనం, ప్రయాణం ఉచితమన్న పథకం 2011 నుంచి ఉంది కాబట్టి డబ్బు భయం కూడా కొంత తీరుతుంది.

కొన్ని విషయాల్లో మాత్రం ధైర్యం పనికిరాదు, వెంటనే బయలుదేరాలి. బిడ్డ కదలికలు తగ్గినా, రక్తస్రావం అయినా, ఉమ్మనీరు పోయినా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం వచ్చినా 108కి ఫోన్ చేయండి.

బిడ్డ పుట్టాక మొదటి రెండు వారాలు

మనసును కాన్పు దాకానే సిద్ధం చేసి వదిలేయడం వల్ల ఆ తర్వాతి రోజులు చాలామందికి ఊహించని దెబ్బ అవుతాయి. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు, అవి చెంచాల లెక్కనే ఉంటాయి, పుట్టిన బిడ్డ పొట్టకు అవి చాలు. పాలు నిండుగా పడేది రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య. ఈలోపు "పాలు పడ్తలేవు" అని ఎవరైనా అంటే బాలింత మనసు అక్కడే కూలబడుతుంది, అందుకని ఆ మాట ఇంట్లో ఎవరూ అనకూడదని ముందే చెప్పి ఉంచండి. మూడో రోజు నుంచి కారణం లేని ఏడుపు, విసుగు, దిగులు చాలామందికి వచ్చి, రెండు వారాల్లో తగ్గిపోతాయి. అంతకు మించి సాగినా, బిడ్డను చూడబుద్ధి కాకపోయినా, చచ్చిపోవాలనిపించినా, లేనిదేదో కనబడుతోంది, వినబడుతోంది అన్నా, దిష్టి తీసి ఊరుకోకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

తొట్టెల వేడుక నాటికి ఇల్లంతా బిడ్డ చుట్టూ చేరుతుంది. అంతకన్నా ముందే ఒక సాయంత్రం, బిడ్డ నిద్రపోతున్నప్పుడు, తల్లి తన కాన్పు కథను మొదటి నుంచి చివరి దాకా చెప్పుకునేలా చూడండి. మధ్యలో ఎవరూ సరిదిద్దకూడదు, "బిడ్డ మంచిగున్నది కద, ఇంకేంది" అనకూడదు. అర్థంకాని భాగాలుంటే తర్వాతి పరీక్షలో డాక్టరును అడగడానికి రాసుకోవాలి. నా చెల్లె తొమ్మిదో రోజున చెప్పింది, నేను లెక్క కాగితం వెనుక పెన్సిలుతో రాశాను. పుట్టిన సమయం, బరువు రాయించి, ఆగి, ఇంకొకటి రాయమంది: "నొప్పికీ నొప్పికీ నడుమ నిద్రవోయిన."